డెబియన్ 13, దాని వెనకున్న ఎస్‌పీఐ: బరంపురం డీటీపీ షాపు నుంచి రివ్యూ

ఒడిశాలోని బరంపురంలో మాది చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు. రోజూ ఒడియాలో అఫిడవిట్లు, దరఖాస్తులు. పెళ్లిళ్ల సీజన్ వస్తే శుభలేఖలు. ఇక్కడి తెలుగువాళ్ల శుభలేఖ ఒక పక్క తెలుగులో, రెండో పక్క ఒడియాలో ఉండాలి. లేకపోతే పక్కింటివాళ్లే చదవలేరు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ అయిపోయింది. విండోస్ 11కి మా మెషిన్లు సరిపోవు. కొత్తవి కొనడం ఎందుకని విండోస్ బదులు డెబియన్ 13 వేయించాను. ఇది ఉచితంగా దొరికే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్.

ముందు పని సంగతి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడే భాషల జాబితాలో తెలుగు కనిపిస్తుంది. టైపింగ్‌కి ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషలన్నిటికీ ఒకే తీరు కీబోర్డు అమరిక) పెట్టుకున్నాం. ఇంగ్లిష్ కె మీట నొక్కితే తెలుగులో ‘క’ పడుతుంది, ఒడియాకు మార్చి అదే మీట నొక్కితే ఒడియా ‘క’ పడుతుంది. మా కుర్రాడు తెలుగు పక్క కొట్టేసి, విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కి, అదే వేళ్లతో ఒడియా పక్క కొట్టేస్తాడు. లిబ్రేఆఫీస్‌లో (ఎంఎస్ ఆఫీస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్) వత్తులు, గుణింతాలు చెదరడం లేదు. పీడీఎఫ్ తీసి ప్రెస్సుకి పంపితే అక్కడా అలాగే వస్తున్నాయి.

మా బావమరిదికి మాత్రం నమ్మకం కుదరలేదు. “ఫ్రీ అంటున్నావు సరే బావా, దీని ఓనరెవరు? రేపు మూసేస్తే ఎవర్ని పట్టుకుంటావు?” అన్నాడు. వ్యాపారం చేసేవాడు అడగాల్సిన ప్రశ్నే. జవాబు కాస్త విచిత్రంగా ఉంటుంది. డెబియన్‌కు ఓనర్ లేడు. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టాడు, తర్వాత దేశదేశాల వాలంటీర్లు అందుకున్నారు. అది కంపెనీ కాదు, రిజిస్టరైన సంఘమూ కాదు. మరి ఎవరైనా చందా ఇస్తే ఏ ఖాతాలో వేయాలి? డెబియన్ అనే పేరును ఇంకొకడు వాడేసుకుంటే కేసు ఎవరు వేయాలి?

అందుకే 1997లో న్యూయార్క్‌లో ‘సాఫ్ట్‌వేర్ ఇన్ ద పబ్లిక్ ఇంటరెస్ట్’ అనే లాభాపేక్ష లేని సంస్థను రిజిస్టర్ చేశారు. అదే ఎస్‌పీఐ. వచ్చిన విరాళాల్లో 5 శాతం తన ఖర్చులకు ఉంచుకుని మిగతాది ప్రాజెక్టు లెక్కలో వేస్తుంది. డెబియన్ ట్రేడ్‌మార్కు కూడా దాని పేరు మీదే ఉంది. కానీ ఆ డబ్బు దేనికి ఖర్చు పెట్టాలో తేల్చేది డెబియన్ లీడర్. ఆ లీడర్‌ని డెవలపర్లే ఏటా ఓట్లేసి ఎన్నుకుంటారు. సాఫ్ట్‌వేర్‌లో ఏం ఉండాలన్న విషయంలో ఎస్‌పీఐ వేలు పెట్టదు. మన వీధి ఉత్సవాల్లో చందా డబ్బు ఎవరి చేతిలో ఉంటే పెత్తనం వాళ్లదే. ఇక్కడ డబ్బు దాచేవాళ్లకి పెత్తనం లేదు. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. మర్డాక్ 2015లో పోయాడు. డెబియన్ ఆగలేదు. బావమరిదికి ఆ మాటే చెప్పాను.

పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్), ఆర్చ్ లినక్స్ (ఇంకో లినక్స్), ఎఫ్ఎఫ్ఎంపెగ్ కూడా ఈ ఎస్‌పీఐ గొడుగు కిందే ఉన్నాయి. వీడియోలు మార్చే సాఫ్ట్‌వేర్లు చాలావాటి లోపల ఉండేది ఈ ఎఫ్ఎఫ్ఎంపెగే. కోడ్ రాసుకునేవాళ్లు ఒక్కో ప్రాజెక్టుకీ ఒక్కో ఆడిటర్‌ని, ఒక్కో వకీలుని ఎక్కడ పెట్టుకుంటారు? విరాళాలతో డెబియన్ వాళ్లు సర్వర్లు కొంటారు, ఏటా సమావేశం పెడతారు. 2023లో అది మన కొచ్చిలోనే జరిగింది.

ఇబ్బందులూ ఉన్నాయి. డెబియన్ 13తో మొదలుపెట్టి పాత 32 బిట్ పీసీలకు ఇన్‌స్టాలర్ లేదు. పేజీలు అమర్చే పేజ్‌మేకర్ దీని మీద సొంతంగా నడవదు, యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఒకే అక్షర సంకేతాలు) కాని ఫాంట్లలో చేసిన పాత శుభలేఖలు మళ్లీ కొట్టుకోవాల్సిందే. షాపులో ఉన్న ఒక ప్రింటర్‌కి దాని కంపెనీ లినక్స్ డ్రైవరే ఇవ్వలేదు, దాని కోసం నెట్ తీసేసిన పాత విండోస్ మెషిన్ ఒకటి మూలన ఉంచాను. ఫోన్ చేసి తిట్టడానికి కస్టమర్ కేర్ ఉండదు. (మిగతా చోట్ల ఉన్నా ఎత్తుతారా అన్నది వేరే సంగతి.)

ఐదుకు నాలుగు ఇస్తాను. విరాళం ఇవ్వాలనుకుంటే ఎస్‌పీఐ ఫారంలో డెబియన్ అని ఎంచుకోండి. ఆదాయపు పన్ను మినహాయింపుకి చూపించే 80జీ రసీదు మాత్రం ఆశించకండి, అది అమెరికా సంస్థ.