అజైల్‌ అసలు లాజిక్ జ్ఞాన నిర్వహణలో ఉంది: చాన్నాళ్లు వాడాక నా రివ్యూ

అజైల్ (సాఫ్ట్‌వేర్‌ని చిన్న చిన్న విడతల్లో, సరిదిద్దుకుంటూ తయారుచేసే పద్ధతి) వాడే టీమ్‌లో ఏ మీటింగ్ ఉంచాలి, ఏది తీసేయాలి అని వాదన వచ్చినప్పుడల్లా నేను తిరిగి వెళ్లేది జపాన్ మేనేజ్‌మెంట్ పండితులు నొనాకా, టకేయుచీల జ్ఞాన సిద్ధాంతానికే. 1986లో వాళ్లిద్దరూ హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో హోండా, కెనాన్ లాంటి కంపెనీల్లో కొత్త వస్తువులు ఎలా తయారవుతున్నాయో రాస్తూ రగ్బీతో పోల్చారు, 'స్క్రమ్' అనే అజైల్ పద్ధతి పేరు సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చింది అక్కణ్నించే.

1995లో వాళ్లు పుస్తకంగా తెచ్చిన సెకీ నమూనాలో (జ్ఞానం మనుషుల మధ్య ఎలా చేతులు మారుతుందో చెప్పేది) నాలుగు దశలు. మాటల్లో పెట్టలేని జ్ఞానం పక్కన ఉండి చూస్తే అబ్బుతుంది, దానిలో కొంత మాటల్లోకి వస్తుంది, అలా వచ్చినవి ఒకచోట కూడతాయి, వాటిని వాడగా వాడగా మళ్లీ మనిషికి చేతి అలవాటవుతాయి.

ఈ లెక్కన పెయిర్ ప్రోగ్రామింగ్‌కి, అంటే ఇద్దరు కలిసి కూర్చుని ఒకే కోడ్ రాయడానికి, పూర్తి మార్కులు. ప్రొడక్షన్‌లో (యూజర్లు వాడే అసలు సిస్టమ్‌లో) ఏదో స్లో అయిందనుకోండి, సీనియర్ ముందు ఏ లాగ్ తెరుస్తారు, ఏ ఎర్రర్‌ని పట్టించుకోకుండా వదిలేస్తారు, నిన్నటి డిప్లాయ్ టైమ్ దగ్గర ఎందుకు ఆగిపోతారు, ఇవి ఏ వికీలోనూ దొరకవు, అడిగినా ఆయన పూర్తిగా చెప్పలేరు. ఇద్దరితో ఒకే పని చేయించడం దండగ అనే మేనేజర్లు కోడ్ లైన్లు లెక్కపెడుతున్నారే తప్ప, ఆ గంటలో చేతులు మారిన జ్ఞానాన్ని చూడట్లేదు.

రెట్రో (అయిన పని ఎలా సాగిందో టీమ్ వెనక్కి చూసుకునే మీటింగ్) కూడా అంతే. "ఆ మాడ్యూల్ ముట్టుకోవాలంటే టెన్షన్" అని ఒకరంటారు, ఎందుకని తవ్వితే దానికి టెస్టులే లేవని తేలుతుంది, అది వచ్చే స్ప్రింట్‌లో (కొన్ని వారాల పని విడతలో) టికెట్ అవుతుంది. స్టాండప్ (రోజూ జరిగే చిన్న మీటింగ్) మాత్రం మేనేజర్‌కి పాఠం అప్పజెప్పినట్టు సాగితే ఎవరికీ ఏమీ అందదు, తీసేయండి.

అజైల్ టీములు బలహీనపడేది మూడో దశలో, అంటే మాటల్లోకి వచ్చినవాటిని ఒకచోట కూర్చడంలో. 2001 అజైల్ మానిఫెస్టో సమగ్రమైన డాక్యుమెంటేషన్ కన్నా పనిచేసే సాఫ్ట్‌వేర్‌కి ఎక్కువ విలువిచ్చింది, నిజమే, కానీ డాక్యుమెంట్లకీ విలువ ఉందని అందులోనే రాసుంది, అక్కడిదాకా చాలామంది చదవరు. తీరా పాతవాళ్లు వెళ్లిపోయాక ఫలానా టైమవుట్ (జవాబు కోసం సిస్టమ్ ఆగే గడువు) ముప్పై సెకన్లే ఎందుకు పెట్టారో చెప్పేవాళ్లుండరు, దాన్ని మార్చే ధైర్యమూ ఎవరికీ ఉండదు. ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నాం, ఏవి వద్దనుకున్నాం అని అర పేజీ రాసి కోడ్‌తో పాటే రిపోలో (కోడ్ భద్రపరిచే చోట) పెట్టండి, పెద్ద డిజైన్ డాక్యుమెంట్లకన్నా నాకు ఇదే ఎక్కువ ఉపయోగపడింది.

ఎస్టిమేషన్, స్టోరీ పాయింట్ల (పని ఎంత పెద్దదో అంచనా వేసే అంకెల) గురించి ఈ సిద్ధాంతం పెద్దగా ఏమీ చెప్పదు, వాటికోసమైతే వేరే చోట వెతుక్కోవాలి. కొత్తగా టీమ్ లీడ్ అయినవాళ్లు మాత్రం వాళ్ల పుస్తకం తప్పకుండా చదవండి.