నరానికి పట్టేసిందన్నారు: నాన్న ఊపిరితిత్తి ఆపరేషన్, నాలుగు స్టార్లు

విశాఖలో ఒక ప్రైవేటు హాస్పిటల్ ఛాతీ సర్జరీ విభాగం గురించి రాస్తున్నాను. తిట్లు కూడా ఉన్నాయి గనక పేరు రాయను.

మాది నరసన్నపేట. నాన్న నలభై ఏళ్లు బీడీ తాగారు. పోయిన వేసవిలో పొద్దున్న లేచేసరికి మొహం ఉబ్బిపోయేది, కాలర్ గుండీ పట్టేది కాదు, మెడ మీద నరాలు తాళ్లలా లేచేవి. మధ్యాహ్నానికి తగ్గేది. కూరలో ఉప్పెక్కువైందని అమ్మని తిట్టాం. శ్రీకాకుళంలో స్కాన్ తీయిస్తే కుడి ఊపిరితిత్తి పైభాగంలో గడ్డ. "పెద్ద నరానికి పట్టేసిందండి, ఆపరేషన్‌కి పనికిరాదు" అని రెండు నిమిషాల్లో పంపేశారు.

విశాఖ సర్జన్ స్కాన్ కవరు వెనక పెన్నుతో గుండె గీశారు. తల, చేతుల నుంచి రక్తాన్ని గుండెకి దింపే పెద్ద సిర ఇది, గడ్డ దీని గోడని ఇక్కడ పట్టుకుంది, మొహం ఉబ్బింది అందుకే అని చూపించారు. (మనం అన్నిటినీ నరమే అంటాం.) అంతమాత్రాన ఆపరేషన్‌కి దారి మూసుకుపోదట. ఛాతీ మధ్యలోని లింఫు గ్రంథులకి పాకిందా, మెదడుకి వెళ్లిందా అన్నది ముందు తేలాలట. అందుకే పెట్ స్కాన్, మెదడు ఎమ్మారై, నోట్లోంచి గొట్టం దింపి ఆ గ్రంథుల్లోంచి సూదితో తీసిన ముక్క పరీక్ష. ఎక్కడికీ పాకలేదని తేలింది. 21 రోజులకొకటి చొప్పున మూడు కీమోలయ్యాక, ఊపిరి తట్టుకుంటుందో లేదో చూడ్డానికి ఊదించి, మెట్లెక్కించి, అప్పుడు కోశారు. తెరిచాక కుదరకపోతే మూసేస్తామనీ, మామూలు ఊపిరితిత్తి ఆపరేషన్ కన్నా ప్రాణభయం ఎక్కువనీ దాచకుండా చెప్పారు.

సిర గోడ కొంతే పోతే అతుకు, చుట్టూ పట్టేస్తే ఆ ముక్క తీసి కృత్రిమ గొట్టం. నాన్నకి అతుకుతో సరిపోయింది. అది పశువు గుండె మీది పొర అనగానే అమ్మ, "ఏ పశువు బావూ?" అని సర్జన్నే అడిగింది. ఆయన నవ్వకుండా చెప్పారు. అమ్మ కాసేపాగి, "పాలు తాగడం లేదేటి" అంది.

ఇక తిట్లు. ఆ అతుకు ప్యాకేజీలో లేదని బిల్లింగ్ కౌంటర్లో డిశ్చార్జి రోజున చెప్పారు. పొద్దున్న పదింటికి వెళ్లిపోవచ్చన్నవాళ్లు కాగితాలు రాత్రి ఏడింటికి ఇచ్చారు. ఐసీయూ బయట నడుం వాల్చే చోటు లేదు, మెట్ల మీదే నాలుగు రాత్రులు.

వెళ్లేవాళ్లు అతుకు, గొట్టం ధరలు ముందే రాయించుకోండి. స్కాన్ సీడీ పట్టుకెళ్లండి. మేం రిపోర్టు కాగితం ఒక్కటే తీసుకెళ్లి, సీడీ కోసం మళ్లీ శ్రీకాకుళం బస్సెక్కాం.