సక్కర్ ఫిష్ కొనే ముందు: రెండంగుళాల పిల్ల, అడుగున్నర చేప

రివ్యూ దేని గురించి: ఎక్వేరియం షాపుల్లో 'ట్యాంక్ క్లీనర్' అని చెప్పి అమ్మే సక్కర్ ఫిష్. అమ్మేటప్పటి సైజు రెండు మూడు అంగుళాలు, ధర చాలాచోట్ల వంద లోపే. మా రేటింగ్ ఐదుకి ఒకటి. ఆ ఒక్కటి ఎందుకంటే చేప నిజంగానే మొండిది, కొత్తగా ట్యాంకు పెట్టినవాళ్ల చేతిలో కూడా అంత తేలిగ్గా చావదు. మిగతా నాలుగూ పోయింది కూడా ఆ మొండితనం వల్లే.

ముందు మీరు కొంటున్నదేమిటో చూసుకోండి. షాపులో ప్లెకో అన్నా, సక్కర్ అన్నా దాదాపు ఎప్పుడూ చేతికొచ్చేది టెరిగోప్లిక్తిస్ అనే దక్షిణ అమెరికా చేప. వీపు మీది రెక్క తెరచాపలా విప్పుకున్నప్పుడు ముందున్న ముల్లు వదిలేసి, వెనక ఈనెలు లెక్కపెట్టండి. తొమ్మిది, అంతకు మించి ఉంటే ఇదే. ఏడే ఉంటే దాని చుట్టమైన హైపోస్టోమస్. అద్దానికి నోరు కరిపించుకుని ఉంటుంది కాబట్టి పొట్ట కూడా బాగా కనిపిస్తుంది: చుక్కలు విడివిడిగా ఉంటే పార్డాలిస్ అనే రకం, ఒకదానితో ఒకటి కలిసి పురుగు పాకిన గీతల్లా ఉంటే డిస్‌జంక్టివస్ అనే రకం. రెండూ కలిసిన సంకరాలూ ఉంటాయి. ఏదైనా సరే, పెరిగేది అడుగు దాటే. అడుగున్నర కూడా మామూలే, పదేళ్లకు పైగా బతుకుతుంది.

ఇక 'పాచి తింటుంది' అనే మాట. పిల్లగా ఉన్నప్పుడు నిజం. నాలుగైదు అంగుళాలు దాటాక మిగతా చేపలకు వేసే గుళికలకు అలవాటుపడి అద్దం సంగతి మరిచిపోతుంది. పైగా అది విసర్జించేది చూడాలి: గోధుమరంగు దారాల్లా రోజంతా వేలాడుతూనే ఉంటుంది, మర్నాటికి ఫిల్టర్ స్పాంజి నిండిపోతుంది. శుభ్రం చేస్తుందని తెచ్చిన చేప ట్యాంకులో అందరికన్నా ఎక్కువ మురికి చేస్తుంది. రాత్రిపూట గోల్డ్‌ఫిష్‌ లాంటి నెమ్మదైన చేపల ఒంటికి అతుక్కుని జిగురు గీకేస్తుంది. మర్నాడు వాటి పక్కల్లో తెల్లటి మచ్చలు కనిపిస్తే రోగమని మందు వేసేస్తుంటారు. పెద్ద చేపకి నాలుగైదు వందల లీటర్ల ట్యాంకు కావాలి. మన ఇళ్లలో ఎక్కువగా ఉండే రెండడుగుల ట్యాంకు అరవై డెబ్బై లీటర్లే పడుతుంది.

అసలు నష్టం ఇక్కడే మొదలవుతుంది. ట్యాంకు చాలదు, షాపువాళ్లు చాలామంది వెనక్కి తీసుకోరు, చంపడానికి చేతులు రావు. 'పాపం, చెరువులో వదిలేద్దాం' అనిపిస్తుంది. ఒక్క చేప వల్ల జాతి నిలబడదు, నిజమే. కానీ ఒకే చెరువులో పది ఇళ్లవాళ్లు, ఏడాది తర్వాత ఇంకో పది ఇళ్లవాళ్లు వదిలితే ఆడా మగా కలవడానికి ఎంతో సమయం పట్టదు. బయటి చేప ఒక నదిలో పాతుకుపోవడానికి అన్నిటికన్నా ఎక్కువగా తోడ్పడేది ఇలా మళ్లీ మళ్లీ వచ్చి చేరడమే.

మిగతాది చేప శరీరమే చూసుకుంటుంది. నీళ్లలో ప్రాణవాయువు తగ్గితే పైకి దూసుకొచ్చి గాలి మింగుతుంది. దాని జీర్ణాశయం గోడ పలుచగా, రక్తనాళాలతో నిండి ఊపిరితిత్తిలా పనిచేస్తుంది. అందుకే మురుగు కలిసి మిగతా చేపలు తేలిపోయిన నీళ్లలోనూ ఇది బతుకుతుంది. ఒంటినిండా ఎముక పలకలు, రెక్కలకు ముళ్లు. కొర్రమీనైనా వాలుగైనా పిల్లని మింగగలదేమో గానీ పెద్దదాని జోలికి పోలేదు. తిండికి నాచు, బురదలోని కుళ్లు చాలు, అవి ఏ నదిలోనూ అయిపోవు. గట్టు మట్టిలో మూరెడు నుంచి గజం దాకా బొరియ తవ్వి, ఆడది వందల నుంచి మూడు వేల దాకా గుడ్లు పెడితే మగది వాకిట్లో కాపలా ఉంటుంది. ముందే వచ్చిన బయటి చేపలతో పోల్చి చూడండి. 1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా గుడ్లను నోట్లో పెట్టుకుని కాస్తుంది. కేంద్రం 2000లో నిషేధించిన థాయ్ మాగుర్ ఇలాగే గాలి పీలుస్తుంది. గుడ్లను కాయడం, గాలి పీల్చడం రెండూ ఈ సక్కర్‌లో కలిశాయి. దీన్ని ఆపగలిగేది చలి. నీళ్లు పది డిగ్రీల లోపుకి దిగితే తట్టుకోలేదు. కృష్ణా, గోదావరి నీళ్లు అంత చల్లబడవు.

దారి కూడా మనమే వేసి ఉంచాం. హైదరాబాద్ చెరువులో వదిలిన చేప వానాకాలంలో అలుగు దాటి నాలాలోకి, నాలా నుంచి మూసీలోకి పోతుంది. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కింద పులిచింతల, ఆ కింద ప్రకాశం బ్యారేజీ, అక్కణ్నుంచి డెల్టా కాలువలు. ఆనకట్ట వెనక నిలిచిన నీళ్లు, మెత్తటి మట్టి గట్లు, ఊళ్ల మురుగు... పారే నీటికి అలవాటుపడిన మన చేపలకు కష్టమైనవన్నీ దీనికి అనుకూలాలే. తూర్పు కనుమల నీటివనరుల్లో దాదాపు 60 శాతం చోట్ల ఈ చేప చేరిందని హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు చేపల ఒంటి నుంచి నీళ్లలో రాలిన డీఎన్ఏను పరీక్షించి తేల్చారు. 2020లో వారణాసి దగ్గర గంగలోనూ దొరికింది. మెక్సికోలోని ఇన్ఫియర్నియో జలాశయంలో ఒకప్పుడు తిలాపియాతో నిండిన వలలు ఈ చేపతో నిండి జాలర్ల బతుకుతెరువు దెబ్బతింది. మన పేపర్లలో 'వలకు చిక్కిన వింత చేప' అని ఫొటో పడేది చాలాసార్లు ఇదే. జాలరికి అది వింత కాదు, నష్టం. ముళ్లు దారాల్లో మెలిపడితే విడదీయడం కుదరక వల కోసుకోవాల్సిందే.

కాబట్టి కొనకండి. పాచికి చేయాల్సింది వేరే ఉంది. లైటు రోజుకి ఆరేడు గంటలకు మించకుండా టైమర్ పెట్టండి. మేత రెండు నిమిషాల్లో తినేంతే వేయండి. వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చండి. కొత్త ట్యాంకులో వచ్చే గోధుమరంగు పాచి కొన్ని వారాల్లో దానంతటదే పోతుంది. అద్దానికి పాత ఏటీఎం కార్డు అంచు చాలు (అక్రిలిక్ అయితే వద్దు, గీతలు పడతాయి). ప్రాణి ఏదైనా ఉండాల్సిందే అనుకుంటే నెరైట్ నత్తలు మేలు. గుడ్లు పెట్టినా మంచినీళ్లలో అవి పిల్లలు కావు. బ్రిసిల్‌నోస్ అనే చిన్న సక్కర్ రకం ఐదారు అంగుళాల దగ్గర ఆగుతుంది గానీ అదీ దక్షిణ అమెరికాదే, ట్యాంకులోనే గుడ్లు పెట్టి పిల్లలు చేస్తుంది. మేం సిఫారసు చేయం.

ఇప్పటికే ఇంట్లో ఉంటే పెద్ద ట్యాంకున్నవాళ్లకి ఇవ్వండి. పెరట్లో సిమెంటు తొట్టి అయితే కాలువకి దారి లేకుండా, వాన నీళ్లకి పొంగకుండా, పైన వల కట్టి ఉండాలి. ఏదీ కుదరకపోతే లవంగ నూనె: బకెట్లోని ప్రతి లీటరు నీటికి అర మిల్లీలీటరు లెక్కన ముందు సీసాలో గోరువెచ్చని నీళ్లతో గిలక్కొట్టి, తెల్లగా అయ్యాక బకెట్లో కలిపి, చేపని వేసి మూత పెట్టండి. గాలి పీల్చే చేప కాబట్టి ఎక్కువసేపు పడుతుంది. మొప్పల కదలిక ఆగాక కూడా అరగంట ఉంచి, తర్వాత పూడ్చండి. ఫ్రిజ్‌లో పెట్టి చంపొద్దు, అది చేపకి నరకం.

చెరువులోనో కాలువలోనో వలకి పడితే తిరిగి నీళ్లలో వేయకండి. గట్టున పడేసి వెళ్లినా గంటల తరబడి బతికి, తడి నేల మీద పాక్కుంటూ నీళ్లలోకి వెళ్లగలదు. పొట్ట వైపు ఒక ఫొటో, వీపు రెక్క విప్పి ఒక ఫొటో తీసి, ఊరూ తేదీ రాసి మీ జిల్లా మత్స్యశాఖ కార్యాలయానికి ఇవ్వండి.