సింగపూరు క్రూజు: బట్టల విషయంలో ఉదారం, టిప్పు విషయంలో కచ్చితం

సింగపూరులో బయల్దేరి, మలేషియాలోని పినాంగు, థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ చూపించి, మళ్లీ సింగపూరుకే చేర్చే నాలుగు రాత్రుల క్రూజును ఇప్పుడు తిరుపతి ట్రావెల్ ఏజెంట్లు కూడా అమ్ముతున్నారు. ఓడ ఎంత పెద్దది, ఎన్ని అంతస్తులు, ఎన్ని ఈతకొలనులు అనే వర్ణనలు కరపత్రాల్లో కావలసినన్ని ఉన్నాయి కాబట్టి ఈ సమీక్షలో వాటి జోలికి వెళ్లడం లేదు. కుటుంబంతో ఈ ప్రయాణం చేసి వచ్చాక, మా వీధిలోనూ బంధువుల్లోనూ నన్ను అడిగినవారందరూ దాదాపు ఒకటే అడిగారు: అక్కడ ఏం కట్టుకోవాలి, కోటు లేకపోతే భోజనానికి రానివ్వరట కదా? టిప్పు గురించి ఒక్కరూ అడగలేదు. ఓడ ఎక్కి చూస్తే సంగతి తలకిందులుగా ఉంది. బట్టల విషయంలో కంపెనీలు చాలా ఉదారంగా ఉంటాయి, టిప్పు విషయంలో మాత్రం లెక్క కచ్చితంగా ఉంటుంది.

నిజానికి దుస్తుల నియమాలకు భయపడవలసిన అవసరం తిరుపతివాళ్లకు అసలు లేదు. కొండమీద ఆర్జిత సేవకైనా, మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనానికైనా మగవారు పంచె గానీ పైజామా గానీ, ఆడవారు చీర గానీ లంగా ఓణీ గానీ చున్నీతో చుడీదార్ గానీ వేసుకునే వెళ్లాలని ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు. ఓడలోని డ్రెస్ కోడ్ కూడా అలాంటిదే. అది పగలంతా ఉండేది కాదు, ఓడ మొత్తానికీ వర్తించేది కాదు, ఎక్కువగా సాయంత్రం ప్రధాన భోజనశాల గుమ్మం దాటేవారికి వర్తిస్తుంది. ఆ గుమ్మం దగ్గర కూడా వారు ముఖ్యంగా చూసేది ఏం వేసుకోకూడదన్నదే: తడి ఈత దుస్తులు, చేతుల్లేని బనియన్లు, టోపీలు, రాత్రి భోజనానికి నిక్కర్లు, వట్టి కాళ్లు. బాత్‌రోబ్‌తో భోజనశాలకు రాకూడదని కొన్ని కంపెనీలు రాసే పెట్టాయి. నైటీ మీద తువాలు కప్పుకుని పొద్దున్నే కాఫీకి బయల్దేరే మన అలవాటు కూడా ఆ కోవలోకే వస్తుందని మా వదినకు మొదటి రోజే చెప్పవలసి వచ్చింది.

నాలుగైదు రాత్రుల ప్రయాణంలో మామూలుగా ఒక రాత్రిని, వారం ప్రయాణంలో రెండు రాత్రులను ఫార్మల్ నైట్, అంటే ముస్తాబై భోజనానికి వచ్చే రాత్రి, అంటారు. కోటు గురించిన భయమంతా పుట్టింది ఈ ఒక్క రాత్రి నుంచే. క్యూనార్డ్ వంటి పాత బ్రిటిష్ సంస్థ ఓడల్లో గాలా అని పిలిచే ఇలాంటి రాత్రులను నేటికీ గట్టిగానే పాటిస్తారు. అక్కడ మగవారు డిన్నర్ జాకెట్ గానీ ముదురు రంగు సూటు గానీ వేసుకుని, బో టైతోనో మామూలు టైతోనో వస్తారు, అయితే ఏ దేశం వారైనా తమ సంప్రదాయ ఉడుపుల్లో రావడానికి అభ్యంతరం లేదు. నార్వేజియన్ వంటి సంస్థలో ఫార్మల్ రాత్రి ఉన్నా పాటించాలన్న నిర్బంధం లేదు. సింగపూరు నుంచి వెళ్లే కుటుంబ ఓడల్లో ఆ సాయంత్రం కోటు వేసుకున్నవారు కొందరే కనిపిస్తారు, ఇస్త్రీ చొక్కా, పొడవు ప్యాంటు, బూట్లతో వచ్చినవారే ఎక్కువ. మా అమ్మ తెచ్చుకున్న వెంకటగిరి జరీ చీర ఆ సాయంత్రం హాల్లో అన్ని గౌన్ల కంటే హుందాగా కనిపించిందని నా అభిప్రాయం. పక్క బల్ల వద్ద కూర్చున్న ఆస్ట్రేలియా దంపతులు ఆ అంచు చేత్తో నేసిందా అని అడిగి మరీ చూశారు. కాబట్టి ఈ ఒక్క రాత్రి కోసం గాంధీ రోడ్డులో సూటు కుట్టించుకునే ఆలోచన ఉంటే మానుకోవచ్చు. వెంకటగిరి, శ్రీకాళహస్తి మన జిల్లాలోనే ఉన్నాయి, బీరువాలో ఉన్న నేత చీర, పట్టు పంచె, నిండు చేతుల చొక్కా చాలు. పంచె కట్టేవారు మాత్రం బెల్టు పెట్టుకోవడం మంచిది, రాత్రిపూట పైడెక్కు మీద గాలి జోరుగా ఉంటుంది.

ఇస్త్రీ సంగతి మాత్రం ముందే ఆలోచించుకోవాలి. మంటల భయం వల్ల క్యాబిన్‌లోకి ఇస్త్రీపెట్టె తీసుకురానివ్వరు. సామాన్ల తనిఖీలో కనబడితే తీసి పక్కన పెట్టి, దిగేటప్పుడే తిరిగి ఇస్తారు. రైస్ కుక్కరు, కొవ్వొత్తి, అగరుబత్తీలదీ అదే దారి. పొద్దున్నే దీపం పెట్టి కర్పూరం వెలిగించనిదే కాఫీ ముట్టని పెద్దవారు మనసు సిద్ధం చేసుకుని ఎక్కాలి. ఓడ వారే డబ్బులు తీసుకుని ఇస్త్రీ చేసి పెడతారు, కానీ మన ఊళ్లో ఒక పెద్ద మూటకయ్యే ఖర్చు అక్కడ రెండు చొక్కాలకు అవుతుంది. పట్టు కంటే మడత పడని బట్టలే ఎక్కువగా పెట్టుకుని, పట్టును ఆ ఒక్క సాయంత్రానికి పరిమితం చేయడం మేలు.

బయట ఎంత ఉక్కగా ఉన్నా ఓడ లోపల ఏసీ వణికిస్తుంది. ముఖ్యంగా నాటకశాలలో. చిత్తూరు ఎండకు అలవాటుపడిన శరీరాలకు ఒక శాలువా, పిల్లలకు ఒక స్వెటరు ఉండి తీరాలి. కొలనులో దిగడానికి ఈతకు ఉద్దేశించిన దుస్తులే వేసుకోవాలి, చుడీదార్‌తో, నూలు పంచెతో దిగనివ్వరు. చేతులూ కాళ్లూ పూర్తిగా కప్పే ఈత దుస్తులు బజారులో దొరుకుతున్నాయి, వాటికి అభ్యంతరం ఉండదు. అవి పెట్టెలో కాకుండా చేతిసంచిలో ఉండాలి, ఎందుకంటే రేవులో సిబ్బందికి అప్పగించిన పెట్టెలు గదికి చేరేసరికి సాయంత్రం కావచ్చు, అప్పటిదాకా పిల్లలు కొలను చుట్టూ తిరుగుతూ మన ప్రాణం తీస్తారు.

ఇక రేవుల్లో. ఫుకెట్‌లో పెద్ద ఓడలు చాలావరకు పటాంగు తీరానికి దూరంగా లంగరు వేసి, జనాన్ని చిన్న పడవల్లో ఒడ్డుకు చేరుస్తాయి. తడి మెట్ల మీద ఎత్తు మడమల చెప్పులు, నేల జీరాడే చీర కుచ్చిళ్లు ప్రమాదకరం. అక్కడి వాట్ చలోంగ్ బౌద్ధాలయంలో భుజాలు, మోకాళ్లు కప్పుకుని ఉండాలి. కొన్ని ప్రయాణాల్లో పినాంగుకు బదులు పోర్ట్ క్లాంగ్ ఉంటుంది. అక్కడినుంచి కౌలాలంపూర్ దగ్గరి బటు గుహల సుబ్రహ్మణ్యస్వామి గుడికి వెళ్లేవారికి కూడా మోకాళ్ల నిబంధన ఉంది. ఆ గుడికి 272 మెట్లు. అలిపిరి దారిలో నడిచి వెళ్లేవాళ్లకు లెక్కలోకి రాని మెట్లు.

అసలు చర్చ టిప్పు గురించి. మన దగ్గర టిప్పు అంటే హోటల్లో బిల్లు పళ్లెంలో మిగిల్చే చిల్లర, పెట్టె మోసినవారి చేతిలో పెట్టే నోటు. ఇచ్చినవారి ఇష్టం, పుచ్చుకున్నవారి అదృష్టం. ఓడలో అది రోజువారీ రుసుము. కంపెనీ దాన్ని గ్రాట్యుటీ అనే పేరుతో తలకు ఇంత, రాత్రికి ఇంత అని లెక్కగట్టి గది ఖాతాలో వేస్తుంది. రాయల్ కరీబియన్ అనే క్రూజు సంస్థ 2023 చివరి నుంచి మామూలు గదుల్లో మనిషికి రోజుకు 18.50 డాలర్లు, సూట్ అనే ఖరీదైన గదుల్లో 21 డాలర్లు తీసుకుంటోంది. చంటిపిల్లకైనా ఇదే లెక్క. పసిపిల్లలకు మినహాయింపు ఇచ్చే కంపెనీలు వేరే ఉన్నాయి. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు నాలుగు రాత్రులు ప్రయాణిస్తే 296 డాలర్లు, మన డబ్బులో 25 వేలు దాటుతుంది. టిక్కెట్టు ధరతో సరిచూసుకున్నా అది చిన్న మొత్తం కాదు, చెన్నై నుంచి సింగపూరుకు ఒకరి రానుపోను విమాన ఖర్చుతో పోల్చదగినది.

నా ఫిర్యాదు కూడా ఇక్కడే ఉంది, అయితే అది ఓడ మీద కాదు. మాకు ప్యాకేజీ అమ్మిన ఏజెంటు, పేరు అవసరం లేదు, ‘అన్నీ దాంట్లోనే సార్, జేబులో చెయ్యి పెట్టే పనే లేదు’ అని రెండుసార్లు చెప్పాడు. ఆయన ఇచ్చిన కాగితంలో గ్రాట్యుటీ చేరలేదన్న మాట షరతుల పేజీ అడుగున, కళ్లజోడు తీసి దగ్గరగా పెట్టుకుంటే తప్ప కనబడని అక్షరాల్లో ఉంది. గదికీ భోజనానికీ ఐదింట నాలుగున్నర మార్కులు ఇస్తాను, ధర చెప్పిన తీరుకు మాత్రం రెండు కంటే ఎక్కువ ఇవ్వలేను. కొనబోయేవారు ఏజెంటును అడగవలసిన ప్రశ్న ఒకటే: గ్రాట్యుటీ ముందే కట్టేశారా, ఓడలో కట్టాలా? సమాధానం కాగితం మీద రాయించుకోవాలి. ముందే కట్టే వీలుంటే కట్టేయడం మంచిది. ఓడ ఖాతా డాలర్లలోనో సింగపూరు డాలర్లలోనో ఉంటుంది కాబట్టి, మన కార్డు గీకితే చాలా బ్యాంకులు విదేశీ లావాదేవీ రుసుమని రెండు నుంచి మూడున్నర శాతం అదనంగా లాగుతాయి.

ఈ రుసుమును తగ్గించమనీ తీసేయమనీ గెస్ట్ సర్వీసెస్ కౌంటరులో అడిగే హక్కు చాలా కంపెనీల్లో ఉంది. ఆ కిటుకు తెలిసినవారు ఆఖరి రోజు వెళ్లి మొత్తం తీయించుకోవడాన్ని తెలివిగా చెప్పుకుంటారు. నేను దానితో ఏకీభవించను. గది ఊడ్చి పక్క సర్దేవారు, బల్ల దగ్గర వడ్డించేవారు, వంటగదిలో పళ్లేలు కడిగేవారు ఎక్కువగా ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, మన దేశాల నుంచి నెలల తరబడి ఒప్పందం మీద వచ్చినవారు. వారికి వారాంతపు సెలవు అన్నది ఉండదు. 2006లో కుదిరి 2013 ఆగస్టులో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ సముద్ర కార్మిక ఒప్పందమే రోజుకు 14 గంటలు, వారానికి 72 గంటల వరకు పని చేయించడానికి వీలు కల్పిస్తోంది. వారి రాబడిలో ఈ టిప్పు పెద్ద భాగం. జీతం కంపెనీ ఇవ్వాలి గానీ ప్రయాణికుడి నెత్తిన ఎందుకు వేయాలన్న వాదన న్యాయమైనదే, బ్రిటన్‌కు చెందిన పీ అండ్ ఓ క్రూజెస్ 2019లో విడి టిప్పును ఎత్తేసి ధరలోనే కలిపేసింది కూడా. అయితే ఆ వాదన కంపెనీతో చేయవలసింది, గది ఊడ్చే కుర్రవాడి వాటాలో కోత పెట్టి కాదు. సేవలో నిజంగా లోపముంటే ఆ రోజే చెప్పి సరిచేయించుకోవచ్చు.

రెండోసారి టిప్పు ఇవ్వడం మన వాళ్లకు తరచూ జరిగే నష్టం. కాఫీ బారులోనో, మద్యం కౌంటరులోనో, స్పాలోనో ఏది కొన్నా 18 నుంచి 20 శాతం గ్రాట్యుటీ ముందే కలిపి బిల్లు ఇస్తారు. ఆ చీటీ చూడండి. పైన సరుకు ధర, దాని కింద గ్రాట్యుటీ, ఆ కింద అదనపు టిప్పు అని ఒక ఖాళీ గీత, అడుగున మళ్లీ మొత్తం అని ఇంకో ఖాళీ గీత, సంతకం. ఖాళీ వదిలితే మర్యాద కాదేమోనని చాలామంది అందులో ఏదో ఒక అంకె వేసేస్తారు. పది డాలర్ల నిమ్మ పానీయానికి అప్పటికే 1.80 డాలర్లు పడి ఉంది. ఆ గీత మీద అడ్డంగా ఒక గీటు పెట్టి, మొత్తాన్ని మీరే రాసి సంతకం చేస్తే సరిపోతుంది, ఎవరూ నొచ్చుకోరు. ప్రధాన భోజనశాలలో, బఫేలో రోజువారీ భోజనానికి మాత్రం ఏ చీటీ రాదు.

పూర్వం ఆఖరి రాత్రి కవర్లలో డబ్బు పెట్టి, గది చూసేవారికి, వడ్డించేవారికి, వారి సహాయకుడికి విడివిడిగా అందించే పద్ధతి ఉండేది. ఇప్పుడు ఆ అవసరం లేకపోయినా, ప్రత్యేకంగా శ్రమపడినవారి చేతికి నేరుగా కొంత ఇవ్వడం తప్పు కాదు. అమ్మ ఉల్లి, వెల్లుల్లి తినదని మొదటి రాత్రి చెబితే, మరుసటి రోజు నుంచి అడగకుండానే పెరుగన్నం, ఉడికించిన కూరలు సిద్ధంగా ఉంచిన వడ్డన అబ్బాయికి మేము ఆఖరి భోజనం రోజు విడిగా ఇచ్చాము. అలాంటి చోట ఐదు, పది డాలర్ల నోట్లు కొన్ని దగ్గర ఉంటే ఉపయోగం. రూపాయలిస్తే వారికి మార్చుకోవడం కష్టం. సింగపూరు ఊళ్లో టిప్పు అలవాటు లేదు, రెస్టారెంటు బిల్లులో సేవా రుసుము ఎలాగూ ఉంటుంది. ఫుకెట్‌లో గైడుకు, వ్యాను డ్రైవరుకు ఇస్తే థాయ్ బాత్‌లోనే ఇవ్వాలి, అది ఓడ లెక్కలో చేరదు.

ఆఖరి రాత్రి పెట్టెలకు చీటీలు కట్టి గది బయట పెట్టేయమంటారు, తెల్లవారేసరికి అవి రేవుకు చేరిపోతాయి. మరుసటి ఉదయం వేసుకునే బట్టలు, చెప్పులు, మందులు, పాస్‌పోర్టులు పెట్టెలోకి వెళ్లకుండా విడిగా తీసి ఉంచుకోవాలి; నైట్ డ్రెస్సు మీద శాలువా కప్పుకుని సింగపూరు ఇమ్మిగ్రేషన్ వరుసలో నిలబడిన పెద్దమనిషిని చూశాక ఈ మాట నొక్కి చెబుతున్నాను. ఖాతా బిల్లును ఆ రాత్రే గది టీవీలోనో ఫోను యాప్‌లోనో తెరిచి, గ్రాట్యుటీ ఒక్కొక్కరికి ఎన్ని రాత్రులకు వేశారో, ముందే కట్టినది మళ్లీ పడిందో లేదో చూసుకోవాలి. తేడా ఉంటే రాత్రి పదకొండు గంటలకు కౌంటరు దగ్గర మనుషులు పెద్దగా ఉండరు, పొద్దున ఏడు గంటలకు ఆ వరుస లిఫ్టుల దాకా ఉంటుంది.