తేనెటీగల పుస్తకం కొనేముందు చలికాలం అధ్యాయం తెరిచి చూడండి

విశాఖ మధురవాడలో మా మేడ మీద తేనెపెట్టెలు పెట్టినప్పటి నుంచి మూడు పుస్తకాలు వాడుతున్నాను. ఒకటి అమెరికాలో అచ్చయిన లావుపాటి రంగుల పుస్తకం. రెండోది శిక్షణలో ఇచ్చిన పల్చటి తెలుగు పుస్తకం. మూడోది మన దేశంలోనే వేసిన పాత ఇంగ్లిష్ పాఠ్యపుస్తకం, ఫొటోలన్నీ నలుపు తెలుపు. వాడి వాడి అట్ట ఊడిపోయింది మాత్రం మూడోదానికే.

అమెరికా పుస్తకం చదవడానికి మహా బాగుంటుంది. గుడ్డు పెట్టిన దగ్గర్నుంచి రాణి 16 రోజులకు, కూలి ఈగ 21 రోజులకు, పోతుటీగ 24 రోజులకు బయటికొస్తాయని బొమ్మలతో చెప్పిన తీరుకు వంక పెట్టలేం. కానీ అదంతా ఐరోపా తేనెటీగ లెక్క. నేను పెంచేది మన పుట్ట తేనెటీగ. ఒళ్ళూ చిన్నదే, కట్టే అరా చిన్నదే. అమెరికా తేనెటీగల పెంపకందారు లాంగ్‌స్ట్రాత్ 1852లో పేటెంట్ తీసుకున్న పెట్టె కొలతలు పట్టుకెళ్ళి వడ్రంగికి ఇస్తే దీనికి మరీ పెద్దదవుతుంది. దక్షిణాదిలో దీనికోసం వాడే న్యూటన్ పెట్టె ఊసే ఆ పుస్తకంలో లేదు.

ఇంకో తేడా: ఈగల ఒంటిని పట్టి పీల్చే వరోవా పేను మీద అందులో పేజీలకు పేజీలు. పుట్ట ఈగ ఆ పేనును చాలావరకు తనే దులిపేసుకుంటుంది. మనకు అసలు టెన్షన్ థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్‌తో. పిల్లపురుగులు అరల్లోనే నీటి సంచుల్లా మారి చచ్చిపోతాయి, మందు లేదు. 1990ల మొదట్లో దక్షిణ భారతంలో లెక్కలేనన్ని తేనెపట్లను తుడిచిపెట్టింది. అంతకు ముందు అచ్చయిన కూర్పు కొంటే ఈ సంగతి ఉండదు. నా పాత పుస్తకానికి ఉన్న లోటు అదే. తెలుగు పుస్తకంలో మాత్రం ఒక పేజీ ఉంది, నయం.

పాత పుస్తకం దాని విలువను నిలబెట్టుకునేది వేరే చోట. ఆకలైనా, చీమలు పట్టినా, మైనపు పురుగు చేరినా, ఊరికే తెరిచి కెలుకుతున్నా పుట్ట ఈగ పెట్టె ఖాళీ చేసి వెళ్ళిపోతుంది. అమెరికా పుస్తకంలో దీనికి ఒక్క పేరా. ఇందులో ఏకంగా ఒక అధ్యాయం: స్టాండు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు, పెట్టెలో నల్లబడిన పాత మైనపు అట్టలు తీసేయడం, పువ్వు లేని రోజుల్లో చక్కెర, నీళ్ళు సమంగా కలిపిన పాకం పెట్టడం.

షాపులో నిలబడి తేల్చుకోవాలంటే చలికాలం అధ్యాయం తెరవండి. పెట్టెకు దుప్పటి చుట్టడం, మంచు తోయడం ఇరవై పేజీలుండి, వానాకాలం గురించి ఏమీ లేకపోతే మళ్ళీ అరలో పెట్టేయండి. విశాఖలో ఈగలు పస్తులుండేది నైరుతి వానల్లో. అవి తగ్గాయనుకునేసరికి తుఫాన్లు.

పూత పట్టిక ఏ పుస్తకంలోనూ మనకు సరిపడా లేదు. తెలుగు పుస్తకంలో ఉన్నది రాష్ట్రం మొత్తానికి కలిపి వేసినది. తీరంలో కొబ్బరి ఏడాది పొడవునా పూస్తుంది, వేప, కానుగ ఎండాకాలంలో. అరకు వైపు వలిసెలు నవంబరు, డిసెంబరుల్లో, కాఫీ వేసవి జల్లులు పడ్డాక. ఇవన్నీ వెనక ఖాళీ పేజీల్లో పెన్సిల్‌తో రాసుకున్నాను.

ఒక్కటే కొనగలిగితే పుట్ట ఈగ గురించి రాసిన మన దేశపు పుస్తకం కొత్త కూర్పు చూసుకోండి. పెట్టెకు ఏడాదికి పాతిక, ముప్పై కిలోల తేనె అని అట్ట మీద రాసి ఉంటే అది ఐరోపా ఈగ పుస్తకం. పుట్ట ఈగ అయిదు, పది కిలోల మధ్య ఇస్తే బాగా ఇచ్చినట్టే.