రామోజీ ఫిల్మ్ సిటీ: పిల్లల్ని అమ్మమ్మ దగ్గర ఉంచి ఇద్దరమే వెళ్లినప్పుడు

రామోజీ ఫిల్మ్ సిటీని పిల్లల కోసం కట్టిన వినోదస్థలంగా భావించి, వారి సెలవుల్లో తప్ప అటువైపు చూడని జంటలు ఒంగోలు, నెల్లూరు ప్రాంతాల్లో చాలామంది ఉన్నారు. పిల్లల్ని టంగుటూరులో మా అమ్మ దగ్గర ఉంచి, నేనూ మా వారూ మాత్రమే అక్కడ రాత్రి బస చేసి వచ్చిన తరువాత, ఆ స్థలం నిజానికి పెద్దవాళ్లకే ఎక్కువగా సరిపోతుందన్న అభిప్రాయానికి వచ్చాను. అక్కడ చూడదగినవాటిలో చాలా భాగం నిదానంగా నిలబడి, వెనక్కి వెళ్లి, మళ్లీ దగ్గరకు వచ్చి చూడవలసినవి. చేతిలో నీళ్ల సీసా, భుజానికి సంచి, ఒక కన్ను పెద్దవాడి మీద, ఇంకొక కన్ను చిన్నదాని మీద పెట్టుకుని నడిచే తల్లికి వాటిలో సగం కూడా కనబడవు.

ప్రయాణం సంగతి తెలియగానే మా అత్తయ్య, "పిల్లకాయలు లేకుండా మీరిద్దరే పోయి ఆడ ఏం చేస్తారమ్మా?" అని అడిగారు. ఆమె అడిగినదాంట్లో తప్పేమీ లేదు. ఫిల్మ్ సిటీ అంటే మా వైపు బడి వాళ్లు బస్సు మాట్లాడి తీసుకెళ్లే విహారయాత్రగానే ఎక్కువమందికి తెలుసు. ఒంగోలులో మేము మొదట వాకబు చేసిన ఒక ట్రావెల్స్ వారు కూడా ఇద్దరికి విడిగా ఏర్పాటు చేయలేమనీ, నాలుగు టికెట్లయితేనే మాట్లాడదామనీ అన్నారు. పైగా వారి పథకంలో ఉదయం దింపి సాయంత్రం ఎక్కించుకోవడమే తప్ప అక్కడ రాత్రి ఉండడమన్న ఊసే లేదు. అందువల్ల మా కారులోనే బయలుదేరాము.

ఒంగోలు నుంచి సొంత బండిలో వెళ్లేవారికి ఒక సౌకర్యం ఉంది: హైదరాబాద్ నగరంలోకి ప్రవేశించే అవసరమే ఉండదు. మేదరమెట్ల దగ్గర చెన్నై–కోల్‌కతా రహదారిని వదిలి, అద్దంకి, పిడుగురాళ్ల, దాచేపల్లి మీదుగా సాగి, వాడపల్లి దగ్గర కృష్ణానదిని దాటి, మిర్యాలగూడ మీదుగా నార్కట్‌పల్లి చేరితే, విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి కలుస్తుంది. అక్కడి నుంచి చౌటుప్పల్ దాటాక, నగరపు రద్దీ మొదలు కాకముందే అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర ఎడమచేతి వైపు ఫిల్మ్ సిటీ దారి వస్తుంది. నెల్లూరు నుంచి రాత్రి రైలెక్కి హైదరాబాద్‌లో దిగేవారు మెట్రోలో ఎల్‌బీ నగర్ వరకు వచ్చి, అక్కడి నుంచి సిటీ బస్సులోనో క్యాబ్‌లోనో చేరుకోవచ్చు.

1996లో మొదలైన ఈ ప్రాంగణం సుమారు 1,666 ఎకరాల మేర వ్యాపించి, ప్రపంచంలోకెల్లా పెద్ద సినిమా స్టూడియో సముదాయంగా గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది. ఇంత విస్తీర్ణం గల చోటిని పొద్దున వచ్చి సాయంత్రానికి చూసి వెళ్లాలనుకుంటే అది పరుగుపందెమే అవుతుంది కనుక, జంటగా వెళ్లేవారు లోపలే బస చేయాలన్నది నా మొదటి సలహా. లోపల సితార, తార అనే రెండు పెద్ద హోటళ్లు ఉన్నాయి. వీటిలో సితార విలాసవంతమైనది, తార మధ్యతరగతికి అందేది. ఇంకా తక్కువ ఖర్చులో ఉండాలనుకునేవారికి శాంతినికేతన్ ఉంది. మేము తారలో దిగాము. గది శుభ్రంగా, నిశ్శబ్దంగా ఉంది. మాకు కావలసిందీ అదే. కొత్తగా పెళ్లయినవారికి హనీమూన్ ప్యాకేజీ అని పేరుపెట్టి అమ్ముతారు గానీ, పెళ్లయి ఏళ్లు గడిచి, బడికి వెళ్లే పిల్లలున్న జంటకంటూ పేరుపెట్టిన ప్యాకేజీ ఏదీ నాకు కనబడలేదు. నా ఉద్దేశంలో దాని అవసరం ఎక్కువగా ఉన్నది వీరికే.

లోపల తిరగడానికి పాతకాలపు ఆకారంలో ఉన్న ఎర్ర బస్సులు ఉంటాయి. వాటిలో గైడ్ ఒకరు మాట్లాడుతూ రాజమహళ్లు, ఉత్తరాది వీధులు, విదేశీ వీధులు, రైల్వేస్టేషన్, విమానాశ్రయం, జైలు వంటి సెట్ల మధ్య నుంచి తీసుకెళతారు. ఒకే కట్టడం ముందు నుంచి ఒక విధంగా, పక్క నుంచి మరొక విధంగా కనిపించేలా కట్టడం సినిమావారి పొదుపు. ఒక గోడకు ఆసుపత్రి ముఖం ఉంటే, మలుపు తిరిగాక అదే కట్టడం వేరే ఊరి వేరే భవనమైపోతుంది. పిల్లలకు ఈ కిటుకు ఒక్కసారి చూడగానే తెలిసిపోతుంది, ఆ వెంటనే విసుగు కూడా వస్తుంది. పెద్దవాళ్లకు మాత్రం, తాము ఎన్నో ఏళ్లుగా తెరమీద నిజమని నమ్మిన పోలీస్ స్టేషన్లు, కాలేజీ మెట్లు, జమీందారు లోగిళ్లు ఇక్కడి నుంచే వచ్చి ఉంటాయన్న ఆలోచన ఆగకుండా నడుస్తూనే ఉంటుంది. మేమిద్దరం ఒకరినొకరు పరీక్షించుకుంటూ, ఈ మెట్ల మీద ఏ కథానాయకుడు పరుగెత్తి ఉంటాడా అని వాదించుకుంటూ కూర్చున్నాము. అలా తీరిగ్గా, పనికిరాని విషయం మీద మా ఇద్దరి మధ్య వాదన జరిగి చాలా కాలమైంది.

బాహుబలి సెట్ దగ్గర మేము అందరికంటే ఎక్కువసేపు ఆగాము. దానికి కారణం మా వారి వృత్తి. ఆయన చీమకుర్తిలో గ్రానైట్ పలకలు పాలిష్ పట్టే ఒక కర్మాగారంలో పనిచేస్తారు. నల్లని రాతిలో బంగారు చుక్కలు మెరిసే బ్లాక్ గెలాక్సీ పుట్టే ఊరది. ఏ పలకను చూసినా అది ఏ గనిదో, ఎంత బరువు తూగుతుందో చెప్పగలనని ఆయన ధీమా. అటువంటి మనిషి మాహిష్మతి గోడల ముందు, విగ్రహాల ముందు, స్తంభాల ముందు నిలబడి, కంటికి పూర్తిగా రాయిలాగే కనిపిస్తున్నదాన్ని వేలితో తట్టి, లోపల డొల్లగా మోగిన చప్పుడు విని, చాలాసేపు మాట లేకుండా ఉండిపోయారు. రాతికి ఉండే గరుకుదనం, వాన నీరు జారిన చార, అంచు విరిగినచోట కనిపించే రంగు తేడా, ఇవన్నీ రంగుతోనూ, అచ్చులతోనూ తెప్పించిన పనితనాన్ని ఆయన నాకు ఒక్కొక్కటిగా చూపించారు. నేను సెట్‌ను సెట్‌గా చూసి ముందుకు కదిలిపోయేదాన్ని. ఆయన పక్కన ఉండి చెప్పడం వల్ల దాని వెనుక ఉన్న కార్మికుల చేయి కనిపించింది. పిల్లలు వెంట ఉండి ఉంటే, ఆ స్తంభం దగ్గర నిమిషం కంటే ఎక్కువ నిలబడనిచ్చేవారు కారు.

మూవీ మ్యాజిక్ అనే విభాగంలో, ఒక సన్నివేశం ఎలా తయారవుతుందో ప్రేక్షకుల చేతనే చేయించి చూపిస్తారు. ప్రేక్షకుల్లోంచి ఒక స్త్రీని పిలిచి కదలని గుర్రపుబండి మీద కూర్చోబెట్టి, కళ్లెం పట్టుకుని తోలుతున్నట్టు నటించమంటారు; మరికొందరి చేత గిట్టల చప్పుడు, ఇతర ధ్వనులు చేయిస్తారు; చివరికి అన్నింటినీ కలిపి తెరమీద వేస్తే, బండి దుమ్ము రేపుకుంటూ దూసుకుపోతున్నట్టే కనిపిస్తుంది. మేము చూసిన ప్రదర్శనలో బండి ఎక్కినావిడకు అరవై ఏళ్లు పైబడే ఉంటాయి. ఆవిడ చీర చెంగు నడుముకు దోపుకుని గుర్రాలను అదిలించిన తీరుకు హాలంతా చప్పట్లు కొట్టింది. పిల్లల్ని సాధారణంగా ఫండుస్తాన్ అనే ఆటల విభాగం వైపు లాక్కుపోవలసి వస్తుంది కాబట్టి, ఈ ప్రదర్శనను మొదటి నుంచి చివరి దాకా కూర్చుని చూసే అవకాశం తల్లిదండ్రులకు దొరకడం తక్కువ. సంభాషణ, సంగీతం, చప్పుళ్లు విడివిడిగా చేసి కూర్చే పద్ధతిని ఇంత తేలికగా బోధించే చోటు ఇంకొకటి నేను చూడలేదు.

వైల్డ్ వెస్ట్ స్టంట్ ప్రదర్శనలో తుపాకుల మోత, పేలుళ్లు, కొట్లాట ఉంటాయి, ఒకసారి చూడవచ్చు. బోరాసుర అనే చీకటి గుహల వంటి భయపెట్టే నడక మాకు నవ్వు తెప్పించింది. భయపడడానికి పక్కన పిల్లలు ఉండాలేమో.

ఉద్యానవనాల గురించి మాత్రం కొంచెం విస్తరించి చెప్పాలి. మొఘల్ తోట, జపాన్ తోట, ఫౌంటెన్లు, పక్షుల పార్కు, సీతాకోకచిలుకల పార్కు, ఇవన్నీ చాలామంది సందర్శకులు సాయంత్రం కాళ్లు లాగుతున్న వేళ, బస్సు వెళ్లిపోతుందన్న కంగారులో, ఫోటో దిగడానికి మాత్రమే ఆగే చోట్లు. రాత్రి అక్కడే ఉండేవారికి ఆ కంగారు ఉండదు. మేము పక్షుల పార్కును రెండో రోజు ఉదయానికి ఉంచుకున్నాము. ఎండ ముదరకముందు పక్షులు చురుకుగా ఉంటాయి, జనం పలుచగా ఉంటారు. నేలపట్టు, పులికాట్ వైపు చలికాలంలో దిగే కొంగలను, ఫ్లెమింగోలను చూస్తూ పెరిగిన నెల్లూరు వారికి పంజరంలో ఉన్న పక్షి అంత గొప్పగా తోచకపోవచ్చు గానీ, వేరే ఖండాల నుంచి వచ్చిన రంగురంగుల చిలుకలను అంత దగ్గర నుంచి చూడడం నాకు నచ్చింది. సీతాకోకచిలుకల పార్కులో మా వారు బెంచీ మీద కూర్చుని కునుకు తీశారు. నేను లేపలేదు.

భోజనం విషయంలో దేశం నలుమూలల నుంచి వచ్చేవారి కోసం వండే చోట మా వైపు కారాన్ని ఆశించడం న్యాయం కాదు. ఉత్తరాది వంటలు, దక్షిణాది వంటలు, శాకాహారం, మాంసాహారం అన్నీ దొరుకుతాయి. అమ్మ బలవంతంగా సంచిలో పెట్టిన కారప్పొడి సీసా దారిలో, నార్కట్‌పల్లి ఇవతల ఒక హోటల్‌లో చప్పిడి ఇడ్లీల మీదికి ఉపయోగపడింది.

రాత్రి భోజనం తరువాత పిల్లలకు ఫోన్ చేస్తే, చిన్నది రెండు మాటలు మాట్లాడి ఫోన్ అమ్మమ్మ చేతికిచ్చి ఆటకు పోయింది. పెద్దవాడు మేము ఏం తెస్తున్నామో మాత్రమే అడిగాడు. వారి మీద బెంగపెట్టుకుని సగం సంతోషంతో తిరిగే తల్లులకు ఈ సమాచారం ఉపయోగపడుతుందని చెబుతున్నాను. పగటి సందర్శకుల బస్సులు వెళ్లిపోయాక ఆ ప్రాంగణంలో దీపాల మధ్య ఇద్దరమూ నడిచాము. పిల్లల ఫీజులు, ఇంటి అప్పు, అత్తయ్య మోకాళ్ల వైద్యం, ఇవి తప్ప వేరే మాటలు మా మధ్య ఇంకా మిగిలి ఉన్నాయని అప్పుడు తెలిసింది. ఆ నడక కోసమైనా బస ఖర్చు దండగ కాదని నా లెక్క.

ఎవరికి ఈ చోటు సరిపోదో కూడా చెప్పాలి. గుండె నోట్లోకి వచ్చేంత ఎత్తు నుంచి దింపే రోలర్ కోస్టర్లు, నీటి ఆటలు కోరుకునే జంటలకు ఫిల్మ్ సిటీ కంటే 2016లో రావిర్యాల దగ్గర మొదలైన వండర్‌లా నయం. పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే అక్కడికి నగరంలోకి వెళ్లకుండానే చేరవచ్చు కాబట్టి, సెలవు ఇంకొక రోజు ఉన్నవారు రెండూ చూసుకోవచ్చు. ఫిల్మ్ సిటీలోనే సాహస్ అనే సాహసక్రీడల విభాగం ఉంది. వయసులో ఉన్నవారికి అది నచ్చవచ్చు, మేము అటు వెళ్లలేదు. మోకాళ్ల నొప్పులు ఉన్నవారు కూడా ఆలోచించుకోవాలి. బస్సులు ఉన్నప్పటికీ ఒక ప్రదర్శన నుంచి మరొక ప్రదర్శనకు నడక తప్పదు, మెట్లు ఎక్కక తప్పదు.

కాలం విషయానికి వస్తే ఏప్రిల్, మే నెలలను పూర్తిగా వదిలేయడం మేలు. ఆ ఎండలు మనకు కొత్త కాకపోయినా, ఆ నెలల్లోనే బడి సెలవులు కూడా కాబట్టి జనం కిటకిటలాడతారు. డిసెంబరు, జనవరి నెలల్లో వాతావరణం హాయిగా ఉంటుంది, పండుగ రోజుల్లో సాయంత్రాలు ప్రత్యేక కార్యక్రమాలు కూడా పెడతారు, అయితే సంక్రాంతి సెలవుల్లో రద్దీని భరించాలి. ఇద్దరే వెళ్లే జంటకు బడులు నడుస్తున్న రోజుల్లో, వారం మధ్యలో వెళ్లే వెసులుబాటు ఉంటుంది. పిల్లల్ని తీసుకెళ్లే వారికి లేనిది అదే. ధరలు కాలాన్ని బట్టి, ప్యాకేజీని బట్టి మారుతుంటాయి కనుక ఫిల్మ్ సిటీ వారి సొంత వెబ్‌సైట్‌లోనే చూసుకుని, ప్రవేశ రుసుము, లోపలి సందర్శన బసతోపాటే కలిసివచ్చే ప్యాకేజీని తీసుకుని, మొదటి రోజు ఉదయం తొమ్మిదికల్లా ద్వారం దగ్గర ఉండేలా ఒంగోలులో తెల్లవారకముందే బయలుదేరాలి.