రెండో ఓఎస్ తీసేశాక మిగిలే బూట్ మెనూ: ఆరేళ్లుగా బీసీడీబూట్, బీసీడీఎడిట్ వాడిన అనుభవం

విండోస్ పక్కనే రెండో ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) కింద వేసుకున్న లినక్స్ పార్టిషన్ (డిస్కులో దానికి కేటాయించిన భాగం) డిలీట్ చేసి రీస్టార్ట్ చేసిన రోజు, నల్లటి తెర మీద 'గ్రబ్' (లినక్స్ బూట్ మెనూ చూపించే ప్రోగ్రామ్) అన్న మాట, పక్కన మినుకుమంటున్న కర్సర్ తప్ప ఇంకేమీ రాలేదు. విండోస్ కూడా పోయిందనుకుని చాలా టెన్షన్ పడ్డాను. ఫైళ్లన్నీ ఎక్కడివక్కడే భద్రంగా ఉన్నాయని తెలిసేసరికి తెల్లవారింది. ఆ తర్వాత ఈ ఆరేళ్లలో నా కంప్యూటర్లకీ, ఇంట్లోవాళ్ల, స్నేహితుల కంప్యూటర్లకీ ఇదే పని చాలాసార్లు చేశాను. రకరకాల టూల్స్ ప్రయత్నించాక చివరికి నా చేతిలో మిగిలినవి విండోస్‌తో పాటే వచ్చే రెండు కమాండ్లు: బూట్ ఫైళ్లు తిరిగి రాసే బీసీడీబూట్, బూట్ మెనూలోని పేర్లు మార్చే బీసీడీఎడిట్.

చిక్కు ఎక్కడుందో తెలియకపోతే ఏ టూల్ వాడినా చీకట్లో తడుములాటే. యూఈఎఫ్ఐ (పాత బయోస్ స్థానంలో వచ్చిన, కంప్యూటర్ ఆన్ కాగానే ముందు నడిచే ప్రోగ్రామ్) ఉన్న కంప్యూటర్లలో బూట్ సమాచారం ఒకేచోట ఉండదు. ఉబుంటు (ఒక రకం లినక్స్), విండోస్ బూట్ మేనేజర్ లాంటి పేర్లూ వాటి వరసా మదర్‌బోర్డు తన మెమరీలో దాచుకుంటుంది. ఆ పేర్ల వెనకున్న ఫైళ్లు డిస్కులో ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్ అనే చిన్న ఫ్యాట్32 పార్టిషన్‌లో ఉంటాయి. విండోస్ తన సొంత మెనూని అదే పార్టిషన్‌లో బీసీడీ అనే ఫైల్లో రాసుకుంటుంది. మనం లినక్స్ పార్టిషన్ తీసేస్తే ఈ మూడింటిలో ఏదీ మారదు. మదర్‌బోర్డు ఎప్పటిలాగే ఉబుంటునే ముందు పిలుస్తుంది. గ్రబ్ లేస్తుంది, తన మెనూ ఫైలు కోసం ఇప్పుడు లేని పార్టిషన్‌ని వెతుకుతుంది, దొరక్క అక్కడే ఆగిపోతుంది.

అందుకే గ్రబ్ తెర కనిపించగానే రిపేర్ డిస్క్ కోసం పరుగెత్తక్కర్లేదు. అక్కడ 'ఎగ్జిట్' అని టైప్ చేసి ఎంటర్ కొడితే చాలా కంప్యూటర్లలో జాబితాలో తర్వాతున్న విండోస్ లేస్తుంది. లేవకపోతే మదర్‌బోర్డు సెట్టింగ్స్ ఉండే బయోస్ సెటప్‌లోకి వెళ్లి విండోస్ బూట్ మేనేజర్‌ని పైకి జరపాలి. నేను చూసిన కేసుల్లో సగానికి పైగా ఇంతటితోనే తేలిపోయాయి.

నిజంగా ఫైళ్లే పాడైనప్పుడు అసలు పనిమంతురాలు బీసీడీబూట్. విండోస్ ఇన్‌స్టాల్ యూఎస్‌బీతో బూట్ చేసి, కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పార్టిషన్లు చూసుకునే కమాండ్ అయిన డిస్క్‌పార్ట్‌తో ఈఎఫ్ఐ పార్టిషన్‌కి ఎస్ అనే అక్షరం ఇచ్చి, విండోస్ ఫోల్డర్ ఎక్కడుందో ఈ కమాండ్‌కి చెబితే చాలు. బూట్ ఫైళ్లు కాపీ చేస్తుంది, బీసీడీ రాస్తుంది, మదర్‌బోర్డు జాబితాలో విండోస్‌ని మొదటి స్థానంలో పెడుతుంది. ఒక్క జాగ్రత్త: ఇలా యూఎస్‌బీతో బూట్ చేసినప్పుడు సి డ్రైవ్ అంటే మన సి డ్రైవ్ కాకపోవచ్చు. ముందు డిర్ (ఫోల్డర్ల జాబితా చూపే కమాండ్) కొట్టి, విండోస్ ఫోల్డర్ కనిపించాకే ముందుకెళ్లండి. ఈ ఒక్క విషయం తెలియక నేను ఒకసారి రెండు గంటలు పోగొట్టుకున్నాను.

బీసీడీఎడిట్ సంగతి వేరు. శక్తి ఉంది, కానీ సహనం కావాలి. మిగిలిపోయిన ఉబుంటు పేరు చూడాలంటే 'ఎనమ్ ఫర్మ్‌వేర్' అని అడగాలి. వచ్చిన పొడవాటి ఐడీని ఫ్లవర్ బ్రాకెట్లతో సహా డిలీట్ కమాండ్‌కి ఇవ్వాలి. పవర్‌షెల్‌లో అయితే ఆ బ్రాకెట్ల చుట్టూ కోట్స్ పెట్టకపోతే పని జరగదు, మామూలు కమాండ్ ప్రాంప్ట్‌లో ఆ బాధ లేదు. పైగా "నిజంగా తీసేయమంటారా" అని ఒక్క మాట కూడా అడగదు. అందుకే ఎక్స్‌పోర్ట్‌తో బీసీడీ కాపీ తీయకుండా నేను దాని జోలికి వెళ్లను.

ఎవరిని అడిగినా ముందు చెప్పే సలహా బూట్‌రెక్ అనే విండోస్ రిపేర్ కమాండ్. పాత బయోస్, ఎంబీఆర్ (డిస్కు మొదట్లోనే బూట్ కోడ్ ఉండే పాత పద్ధతి) డిస్కులకి అందులోని 'ఫిక్స్ ఎంబీఆర్' సరైన మందే. యూఈఎఫ్ఐలో బూట్ ఫైళ్లు ఉండేది ఈఎఫ్ఐ పార్టిషన్‌లో కాబట్టి అక్కడ అది పనికిరాదు. పైగా 'ఫిక్స్ బూట్' చాలాసార్లు 'యాక్సెస్ ఈజ్ డినైడ్' అంటుంది. అది చూసి డిస్కు పాడైందని భయపడిన వాళ్లని చూశాను. డిస్కుకేం కాలేదు, ఆ కమాండ్ వదిలేసి బీసీడీబూట్‌కి వెళ్లాలి, అంతే.

రెండు విండోస్‌లలో ఒకటి తీసేసినప్పుడు విండోస్ చూపించే నీలం బూట్ మెనూలో పాత పేరు మిగిలితే విండోస్ సెట్టింగ్స్ టూల్ ఎంఎస్‌కాన్ఫిగ్‌లో బూట్ ట్యాబ్ చాలు. కానీ రెండు డిస్కులుంటే ఆగండి. కొత్త డిస్కులో విండోస్ వేసినప్పుడు ఇన్‌స్టాలర్ పాత డిస్కులో ఉన్న ఈఎఫ్ఐ పార్టిషన్‌నే వాడుకుని ఉండొచ్చు. పాతది పనికిరాదని పీకేస్తే కొత్తది లేవదు. మా తమ్ముడి డెస్క్‌టాప్‌లో సరిగ్గా ఇదే జరిగింది. పాత డిస్కు మళ్లీ తగిలించి, కొత్త దాంట్లో 300 ఎంబీ ఖాళీ చేసి, ఫ్యాట్32 ఈఎఫ్ఐ పార్టిషన్ సృష్టించి, బీసీడీబూట్ నడిపాకే ఒడ్డున పడ్డాం. బిట్‌లాకర్ (డిస్కులోని సమాచారానికి తాళం వేసే విండోస్ సదుపాయం) ఆన్‌లో ఉంటే, బూట్ వరస మార్చేముందు 48 అంకెల రికవరీ కీ చేతిలో ఉందో లేదో చూసుకోండి. దీని విషయంలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను.

విండోస్ తీసేసి లినక్స్ ఉంచుకునే వాళ్లకి పని తేలిక. అప్‌డేట్-గ్రబ్ నడిపితే మెనూలోంచి విండోస్ పోతుంది, ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్ కమాండ్‌తో మదర్‌బోర్డు జాబితాలోంచి పేరు తీసేయొచ్చు. చాలామంది మర్చిపోయేది ఎఫ్‌స్ట్యాబ్ (బూట్ అయ్యేటప్పుడు ఏ పార్టిషన్లు తెరవాలో లినక్స్ రాసుకునే ఫైలు). విండోస్ పార్టిషన్ లైను అందులో ఉండిపోతే, 'నోఫెయిల్' (పార్టిషన్ దొరక్కపోయినా ముందుకెళ్లమనే మాట) లేని పక్షంలో సిస్టమ్ 90 సెకన్లు ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగుతుంది.

లినక్స్ తీసేటప్పుడు ఇప్పుడు నేను పాటించే వరస ఒక్కటే: ముందు విండోస్‌ని బూట్ వరసలో పైకి తెచ్చి ఒకసారి రీస్టార్ట్ చేసి చూస్తాను, తర్వాత ఉబుంటు పేరూ ఈఎఫ్ఐలోని దాని ఫోల్డరూ తీస్తాను, పార్టిషన్ జోలికి అన్నిటికన్నా చివర వెళ్తాను. పేరు తీసి ఫోల్డర్ ఉంచేస్తే కొన్ని మదర్‌బోర్డులు ఆ పేరుని మళ్లీ జాబితాలోకి తెచ్చుకుంటాయి. నా పాత ల్యాప్‌టాప్ రెండుసార్లు అలాగే చేసింది, ఫోల్డర్ కూడా తీసేశాక మళ్లీ ఉబుంటు కనిపించలేదు.